రెనిల్డా కడిగిన పుస్తకం

రెనిల్డా చేతులు మణికట్టు దాకా ఒక రంగు, అక్కడినుంచి పైకి ఇంకో రంగు. మణికట్టు కింద తెలుపు. ఉతికి ఉతికి నేత బయటపడ్డ బట్టలాంటి తెలుపు. వేళ్ళ కొనలు ఎప్పుడూ ముడతలుపడి ఉండేవి, ఇప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు. చాలాసార్లు నిజంగానే అప్పుడే తీసి ఉండేది.

ఆమె పుస్తకాలు కడిగేది.

మెఖెలెన్ ఊళ్ళో మా గ్రంథాలయం పాత మఠంలో ఉండేది. ముఖం వీధివైపు, వీపు డైలె నదివైపు. పై అంతస్తుల్లో పుస్తకాలు, వాటిని చూడటానికి దూరదేశాల నుంచి వచ్చే పండితులు, వాటి వివరాలు రాసే మేము. కింద పెరటి తలుపు పక్కన బైండింగు గది, అందులో రెనిల్డా. గదిలో నాలుగు తొట్లు, ఒక కొళాయి, ఇటునుంచి అటు కట్టిన తాళ్ళు. తాళ్ళ మీద నాలుగొందల ఏళ్ళ కాగితాలు ఆరుతూ ఉండేవి. తలుపు తీస్తే అన్నీ ఒక్కసారి కదిలేవి.

వాళ్ళమ్మ చర్చి బట్టలు ఉతికేది. ఆల్టరు మీద పరిచే గుడ్డలు, వాటి అంచుల లేసు. లేసు ఉతకడం అందరికీ చేతకాదు. పిండకూడదు, రుద్దకూడదు, ఎండకు వేయకూడదు. ఒకసారి పండగ పూజలో ద్రాక్షసారా ఒలికి గుడ్డంతా పాడయింది. దాన్ని తల్లి వదిలేస్తే కూతురు తీసుకుంది. ఆదివారం నాటికి మరక ఎక్కడ పడిందో ఒలకబోసిన ఫాదర్‌కే తెలియలేదు. ఆ సంగతి విని, అప్పట్లో గ్రంథాలయం నడిపే ఫాదర్ అమాండ్ ఆమెను పిలిపించాడు. ఆమెకు ఇరవై దాటలేదు. ఒక పాత కాగితం చేతిలో పెట్టి, దీన్ని కడగ్గలవా అని అడిగాడు.

కాగితం దేంతో చేస్తారని ఆమె అడిగింది.

"అప్పట్లో చింకి బట్టలతో చేసేవాళ్ళమ్మా," అన్నాడు ఫాదర్.

"అయితే బట్టే కదా ఫాదర్ గారూ."

ఆ మాట ఆయన చాలా ఏళ్ళు అందరికీ చెప్పుకున్నాడు.

పద్ధతి ఇది. ముందు అట్టలు ఊడదీయాలి. కుట్టు దారాలు కోసి ఫారాలు, అంటే మడిచి కుట్టిన కాగితాల కట్టలు, విడదీయాలి. ఒక్కొక్క కాగితాన్ని చన్నీళ్ళ తొట్టిలో పడుకోబెట్టాలి. తరవాత జావెల్ నీళ్ళ తొట్టి. తెల్లబట్టలకు వాడే ఆ మందు ఘాటు మెట్లెక్కి మా బల్లల దాకా వచ్చేది. తరవాత మళ్ళీ చన్నీళ్ళు, వాసన పోయేదాకా. తరవాత పల్చటి సరేసు జిగురు, కాగితానికి బిగువు రావడానికి. ఆ పైన తాళ్ళు, బరువులు, మళ్ళీ కుట్టు. అచ్చు సిరా నూనె, మసి కలిసినది. నీళ్ళకు కదలదు. చదివినవాళ్ళు అంచుల్లో రాసుకున్నది మాచికాయ సిరా. జావెల్ తగలగానే అది గోధుమరంగుకు తిరిగి, పసుపై, లేకుండా పోతుంది. అచ్చు మిగులుతుంది. మనుషులు పోతారు.

ఫాదర్ అమాండ్‌కు కావలసిందీ అదే. పుస్తకం ప్రెస్సులోంచి బయటికి వచ్చిన రోజున ఎలా ఉందో అలా ఉండాలనేవాడు. మధ్యలో వచ్చినవాళ్ళు మధ్యలోనే పోవాలనేవాడు. అంచుల్లో రాసిన పండితులైనా, గుమాస్తాలైనా, బడిపిల్లలైనా ఆయనకు ఒకటే, తెల్లగోడ మీద బొగ్గు గీతలు. పుస్తకం పట్టుకుని తనే కిందికి దిగి వచ్చేవాడు. ఒక మాట అనేవాడు. శుద్ధి చెయ్యి.

మా భాషలో ఆ మాటకు చాలా పనులు. గడప కడిగినా శుద్ధే, దుమ్ము దులిపినా శుద్ధే, కోడిని బాగుచేసినా శుద్ధే. ఇదే మఠంలో మూడొందల ఏళ్ళ కిందట ఫాదర్లు కూర్చుని, చర్చి నిషేధించిన వాక్యాలు వెతికి వాటి మీద సిరా పూసేవాళ్ళు. అదీ శుద్ధే. ఏ శుద్ధో ఎవరూ అడగరు. పని చేతికిచ్చినవాణ్ణి చూస్తే తెలుస్తుంది. ఫాదర్ అమాండ్ తొట్ల పక్కన నిలబడి ఆ మాట అనేవాడు.

రెనిల్డా పెళ్ళి చేసుకోలేదు. నది ఒడ్డున సందులో తల్లితో ఉండేది, తల్లి పోయాక ఒక్కతీ ఉండేది. శనివారం ఉదయం గడప, గడప ముందు రాళ్ళు బ్రష్షుతో తోమేది. పక్కింటి రాయి మొదలయ్యే గీత దగ్గర ఆగేది. ఆ గీతకు ఇటు రాళ్ళు బూడిదరంగు, అటు నలుపు. వీధిలో కొత్తగా చేరినవాళ్ళకు ఆ గీత చూపించి, అది రెనిల్డా ఇల్లు అని చెప్పేవాళ్ళు.

మా ద్వారం దగ్గర ఫ్లోర్ అనే మనిషి కూర్చునేవాడు. వచ్చేవాళ్ళ కోట్లు, గొడుగులు తీసుకోవడం అతని పని, అందరినీ మాటలతో గిల్లడం అతని సరదా. చొక్కా మీద సూపు ఒలికితే కిందికి దిగేవాడు. "రెనిల్డా, ఇది పదహారో శతాబ్దం సూపు. జాగ్రత్తగా తియ్యి." ఆమె నవ్వేది కాదు. చొక్కా విప్పమనేది. సాయంత్రానికి ఇచ్చేది. సూపు సంగతి ఫ్లోర్ పెళ్ళానికి కూడా తెలిసేది కాదు.

మూలికల పుస్తకం ఆమెకు ఫాదర్ అమాండ్ చివరి ఏళ్ళలో వచ్చింది. మా ఊళ్ళోనే అచ్చయినది. చిన్న ప్రెస్సు, తొందరగా మూతపడిన ప్రెస్సు. అంచులన్నీ చేతిరాతతో నిండి ఉన్నాయి. పంక్తుల మధ్య కూడా రాసి ఉంది, గీతలు, బాణాలు, కొట్టివేతలు. "ఎవరో వంటింటి లెక్కలు రాసుకున్నట్టు రాసుకున్నారు, శుద్ధి చెయ్యి," అని ఫాదర్ వెళ్ళిపోయాడు. ఆ చలికాలమంతా ఆమె ఆ పుస్తకం మీదే ఉంది. సిరా చిక్కగా ఉండి మొండిగా ఉండేది. తొట్టిలో నీళ్ళు మాటిమాటికీ టీ రంగుకు తిరిగేవి. వాటిని పెరటి కాలవలో పోసేది, కాలవ నదిలో కలిసేది. వసంతానికి పుస్తకం తెల్లగా అయింది. నల్లటి అచ్చు, దాని చుట్టూ ఏమీ లేని అంచులు. బిషప్ గారు వచ్చినప్పుడు ఫాదర్ దాన్నే చూపించాడు. కొత్త పెళ్ళికూతురిలా ఉందని బిషప్ గారు అన్నారట. ఆ మాట ఫాదర్ కిందికి వచ్చి చెప్పాడు. రెనిల్డా ఆ రోజు తొందరగా ఇంటికి వెళ్ళింది. అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆ తరవాత ఫాదర్ అమాండ్ విశ్రాంతికి వెళ్ళాడు, ముసలి ఫాదర్ల ఆశ్రమానికి. ఆయన చోట ఆంట్‌వెర్ప్ నుంచి డాక్టర్ లీవెన్ వచ్చాడు. ఫాదర్ కాదు, పండితుడు. నలభై ఏళ్ళవాడు, సన్నటివాడు, గొంతు ఎత్తని మనిషి. పాత పుస్తకాల అంచుల్లో పాతవాళ్ళు ఏం రాశారన్నదే ఆయన చదువంతా. అచ్చు అందరికీ ఉంటుంది, అంచు ఒక్క పుస్తకానికే ఉంటుందనేవాడు. పెద్ద ఉద్యోగం వదులుకుని మా చిన్న గ్రంథాలయానికి ఎందుకు వచ్చాడో మాకు మొదటిరోజే తెలిసింది. మూలికల పుస్తకం కోసం వచ్చాడు.

వందేళ్ళ కిందట మా గ్రంథాలయంలోనే పనిచేసిన ఒక ఫాదర్ ఆ పుస్తకం గురించి ఒక పత్రికలో కాస్త రాశాడు. ఆ ప్రెస్సు యజమాని చనిపోయాక అతని భార్య కటెలైన్ ప్రెస్సు నడిపిందట. రెండోసారి అచ్చువేయడానికి మొదటి అచ్చు కాపీ ఒకటి తీసుకుని, అక్షరాలు పేర్చేవాళ్ళ కోసం తన చేత్తో దిద్దిందట. ఏ మాట తప్పు, ఏ పంక్తి ఎక్కడికి జరపాలి, పుట ఎక్కడ విరవాలి, అంటే ఎక్కడ ఆపి కొత్త పుట మొదలుపెట్టాలి. వాటి మధ్యలో తన ఇంటి సంగతులు. ఆ ఫాదర్ అందులోంచి ఒక్క చోటు ఎత్తి రాశాడు: ఇక్కడ పుట విరవండి, పిల్లాడికి జ్వరం. ఇలాంటివి పుస్తకం నిండా ఉన్నాయని రాసి, ఆపేశాడు. అప్పటి ప్రెస్సులో వాడిన అలాంటి కాపీ మా ఊరి నుంచి ఇంకొకటి మిగల్లేదు. దిద్దిన కాపీ పని అయిపోగానే పొయ్యిలోకి పోయేది.

లీవెన్ వచ్చిన ఉదయం కోటు విప్పకుండానే ఆ పుస్తకం అడిగాడు. నేను తెచ్చి ఇచ్చాను. ఆయన మొదట నెమ్మదిగా తిప్పాడు. తరవాత వేగంగా. తరవాత వెనకనుంచి ముందుకు. ఇది వేరే కాపీ అన్నాడు. కాదన్నాను. ఇంకొకటి ఉండి ఉండాలన్నాడు. లేదన్నాను. ఆయన ఒక కాగితం మీదికి వంగి వాసన చూశాడు.

"ఇక్కడ ఎవరు కడుగుతారు?" అన్నాడు.

రెనిల్డా ఏప్రనుకు చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చింది. బల్ల మీద ఆ పుస్తకం చూసి ఆమె ముఖం విప్పారింది.

"అదా సార్. చాలా పాడైపోయి ఉండేది. నేను చేసినవాటిలో అదే బాగా వచ్చింది."

ఆయన ఆమెను కూర్చోమన్నాడు. కాఫీ తెప్పించాడు. ఎలా చేశారో చెప్పమన్నాడు. ఆమె అన్నీ చెప్పింది, తొట్టి వెంట తొట్టి. ఆయన తల ఊపుతూ విన్నాడు. చివర, ఎవరు చెయ్యమన్నారని అడిగాడు. ఫాదర్ గారు అంది ఆమె. అయితే ఫాదర్ గారినే అడుగుదామన్నాడు.

మరుసటి వారం వెళ్ళాం. కారు నేను నడిపాను. రెనిల్డా వెనక కూర్చుంది, ఒళ్ళో ఆయనకు ఇష్టమైన అల్లం బిస్కెట్ల డబ్బా. ఆశ్రమంలో మధ్యాహ్న భోజనం వేళ. ఆ ఋతువులో మా దగ్గర తెల్ల ఆస్పరాగస్ అనే కూర కాడలు వస్తాయి. ఫాదర్ అమాండ్ ముందు పళ్ళెంలో ఆ తెల్లటి కాడలు, పైన కరిగిన వెన్న, తరిగిన కోడిగుడ్డు. ఆయన మతి చక్కగా ఉంది. మా అందరి పేర్లూ చెప్పి పలకరించాడు. నా భార్య కాలు ఎలా ఉందని అడిగాడు.

లీవెన్ పుస్తకం పేరు చెప్పి, దాన్ని కడగమని మీరే చెప్పారా అని అడిగాడు.

ఫాదర్ ఒక కాడ కోశాడు. నమిలాడు. లీవెన్ ఎవరో, ఏం రాస్తాడో ఆయనకు తెలుసు. ఆ ఏడాది ఆయన తన జ్ఞాపకాలు కూడా రాయిస్తున్నాడు.

"శుద్ధి చెయ్యమన్నాను," అన్నాడు.

"అంటే?"

"దుమ్ము దులపమని. ఇంకేమంటారు దాన్ని? పనిమనిషికి చెప్పే మాట." రెనిల్డా వైపు తిరిగి ప్రేమగా చూశాడు. "అమ్మాయికి నీళ్ళంటే ఇష్టం. వాళ్ళమ్మ కూడా అంతే."

రెనిల్డా డబ్బా బల్ల మీద పెట్టింది.

"అవును ఫాదర్ గారూ," అంది.

ఆయన గడ్డం మీదికి వెన్న కారింది. ఆమె రుమాలు తీసుకుని తుడిచింది.

కారులో తిరిగి బయల్దేరాం. ఊరి గంటల గోపురం కనబడ్డాక లీవెన్ ముందుకే చూస్తూ, దుమ్ము దులపమనే అన్నారని మీరు ఒప్పుకున్నారన్నాడు. ఆమె, ఆయన చెప్పారు కదా సార్ మరి, అంది.

ఉద్యోగంలోంచి తీసేస్తాడని మేము అనుకున్నాం. ఫ్లోర్ అయితే ఆమె కోటు మేకు మీదినుంచి తీసి చేతికందేలా పెట్టాడు. లీవెన్ తీసేయలేదు. తీసేస్తే ఎవరు ఏం నేర్చుకుంటారన్నాడు. తొట్లు మాత్రం పగలగొట్టించాడు. ఆమెకు చిరిగిన కాగితాలు అతికించే పని ఇచ్చాడు. ప్రతి శరదృతువులో మా దగ్గరికి విశ్వవిద్యాలయాల నుంచి పిల్లలు పాత పుస్తకాల చదువుకు వస్తారు. ఆ ఏడు మొదటి తరగతికి రెనిల్డాను రమ్మన్నాడు.

ఆమె చర్చికి వేసుకునే జాకెట్టు వేసుకుని వచ్చింది. తన పని గురించి చెప్పమంటున్నారనుకుంది. "ఇప్పుడు రెనిల్డా గారు చెబుతారు," అని లీవెన్ పక్కకు జరిగాడు. ఆమె పుస్తకం తెరిచి పట్టుకుని చెప్పింది. చిక్కటి సిరా అని, మొండిదని, మూడుసార్లు ముంచాల్సి వచ్చిందని. ఒక్క అక్షరం మిగల్లేదని, కావాలంటే వెలుతురుకు పెట్టి చూసుకోండని. పిల్లలు మొదట అర్థంకాక చూశారు. తరవాత ఒకరు నవ్వారు. నవ్వు బల్ల చుట్టూ తిరిగింది.

"మెఖెలెన్ వాళ్ళు కదా," అన్నాడు లీవెన్ నెమ్మదిగా. "వెన్నెల కనిపిస్తే నీళ్ళు పోస్తారు."

అది మా ఊరి మీద పాత ఎగతాళి. ఒక పొగమంచు రాత్రి గోపురం వెనక ఎర్రటి వెలుగు చూసి నిప్పంటుకుందని మా పూర్వీకులు బకెట్లు మోసుకుంటూ మెట్లెక్కారు. పైకి వెళ్ళేసరికి అది చంద్రుడు. చుట్టుపక్కల ఊళ్ళకి మేము చంద్రుణ్ణి ఆర్పినవాళ్ళం. పిల్లలు ఈసారి గట్టిగా నవ్వారు. వెనక నిలబడి కాఫీ తాగుతున్న మేమూ నవ్వాం. రెనిల్డా కూడా కొంచెం నవ్వింది. ఆ మాట ఆమెకు చిన్నప్పటినుంచి తెలుసు.

ఆ నీళ్ళు ఏం చేశారని ఒక కుర్రవాడు అడిగాడు. డైలెలోకి పోయాయని చెప్పింది. కడిగేముందు చదివారా అని ఒక అమ్మాయి అడిగింది.

"ఆ రాత నాకు రాదమ్మా. ఒక్క మాట తెలిసింది. జ్వరం అని. మందుల పుస్తకం కదా, జ్వరం అని ఉండదా మరి అనుకున్నాను."

లీవెన్ జేబులోంచి కాగితం తీసి, వందేళ్ళ కిందటి ఫాదర్ ఎత్తి రాసిన ఆ చోటు చదివాడు. ఇక్కడ పుట విరవండి, పిల్లాడికి జ్వరం. ఆ రాత ఎవరిదో, ఎందుకు రాసిందో, ఎవరికోసం రాసిందో చెప్పాడు. పిల్లలకే చెప్పాడు. ఆమె మధ్యలో పుస్తకం పట్టుకుని నిలబడి వింది. అంతకుముందు ఆమెకు ఎవరూ చెప్పలేదు. మాకూ చెప్పాలని తోచలేదు.

"పిల్లాడికి తగ్గిందా సార్?" అంది.

"అది మీరే చెప్పాలి. ఆఖరున చదివింది మీరు."

ఆ శనివారం ఆమె గడప కడగలేదు. తరవాతి శనివారం కూడా. చలికాలానికి ఆ గీత కనబడకుండా పోయింది. రెనిల్డా గడప కూడా మన గడపలాంటిదేనని వీధివాళ్ళు సంతోషంగా చెప్పుకున్నారు.

లీవెన్ ఆమెను వదల్లేదు, మరుసటి ఏడూ తరగతికి రప్పించాడు. జ్వరం అన్న మాట ఒకటి గుర్తుంటే ఇంకోటి గుర్తుండాలన్నాడు. ఉదయంపూట తన గదికి పిలిచి కళ్ళు మూసుకోమనేవాడు. ఏ పక్క రాసి ఉంది, పైనా కిందా, బాణం ఎటు తిరిగింది. ఆమెకు ఆయన్ని సంతోషపెట్టాలని ఉండేది. ఒకరోజు ఉప్పు అంది. ఎడమ అంచున ఉప్పు అని ఉండేదని. ఆయన ఆ వారమంతా ఉత్సాహంగా తిరిగాడు. అప్పటి ప్రెస్సుల్లో ఉప్పు ఎందుకు వాడేవారని పుస్తకాలు తెప్పించాడు. చివరికి చూస్తే ఆ మాట అదే పుటలో అచ్చులో ఉంది. ఆయన ఆ పుట తెరిచి ఆమె ముందు పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. ఫ్లోర్ మాత్రం ఆ రోజునుంచి, మధ్యాహ్నం రొట్టె విప్పినప్పుడల్లా, "రెనిల్డా, కొంచెం ఉప్పు గుర్తు తెచ్చుకుంటావా?" అనేవాడు.

రెండేళ్ళ తరవాత మా గ్రంథాలయానికి ఒక కొత్తరకం దీపం వచ్చింది. దాని వెలుగు కంటికి సరిగా ఆనదు, ఊదారంగు నీడలా ఉంటుంది. కడిగేసిన మాచికాయ సిరా దాని కింద మళ్ళీ నల్లగా పైకి తేలుతుంది. పారిస్‌లో పుస్తకాల వ్యాపారులు కడిగించి అమ్మిన కాపీలు మా దగ్గర కొన్ని ఉన్నాయి. లీవెన్ ముందు వాటి మీద పెట్టి చూశాడు. అక్షరాలు లేచాయి. పేర్లు, తేదీలు, ఒకచోట ఒక కుక్క బొమ్మ. కడిగినవాళ్ళు తొందరపడినచోటల్లా మనుషులు తిరిగి వచ్చారు. మేమంతా ఒకరి తరవాత ఒకరం కిందికి వెళ్ళి చూశాం.

ఆ మధ్యాహ్నం లీవెన్ రెనిల్డా బల్ల దగ్గరికి వచ్చాడు. మేము వింటుండగానే చెప్పాడు. మూలికల పుస్తకంలో మనిషి చేతి జాడ ఒక్కటి దొరికినా చాలు, ఇక మిమ్మల్ని తరగతికి పిలవను. పుస్తకం గాజుపెట్టెలో పెడతాను, దాని గురించి ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగరు.

ఆమె లేచి నిలబడింది.

అప్పటినుంచి ఆమె తన పనిని తిట్టుకోవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో తన చేతికింద ఒక మరక మిగిలిందంటే ఒప్పుకోని మనిషి, అడగనివాళ్ళకు కూడా చెప్పేది. ఆ చలికాలం అమ్మకు ఒంట్లో బాగుండేది కాదు, నా మనసు పనిమీద లేదు. చివరి ఫారాలు సరిగా నానలేదేమో. జావెల్ కూడా ఆ యేడు పల్చటిది వచ్చింది. హాన్స్‌వేక్ మాత గుడికి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించింది, తన పని చెడిపోయి ఉండాలని.

"నువ్వు పని చెడగొట్టావంటే ఎవరు నమ్ముతారు రెనిల్డా?" అన్నాడు ఫ్లోర్. "మాత కూడా నమ్మదు." అదొక్కసారే అతను గిల్లడానికి అనలేదనుకుంటాను.

లీవెన్ మొదట ఆమె కడిగిన వేరే పుస్తకాలు చూశాడు. ఏమీ లేదు. ఇంకొకటి, ఏమీ లేదు. పారిస్ వాళ్ళకు రాని పని ఆమెకు వచ్చు. మూలికల పుస్తకం చివరికి ఉంచుకున్నాడు. కిటికీ లేని నేలమాళిగ గదిలో దీపం పెట్టి, పుస్తకంతో లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. రెనిల్డా బయట బెంచీ మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నీళ్ళ పనిలేక చాలాకాలమైనా వాటి తెలుపు పోలేదు. మధ్యలో నేను కాఫీ తెస్తే వద్దంది. లోపల పుట తిప్పిన చప్పుడు వినిపించేది. తిప్పాక ఆగేది. మళ్ళీ తిప్పిన చప్పుడు. ఒకచోట చాలాసేపు ఆగింది. ఆమె నా వైపు చూసింది. తరవాత వెనక్కి తిప్పిన చప్పుడు, మళ్ళీ ముందుకు, గబగబా.

తలుపు తెరుచుకుంది. లీవెన్ చీకట్లోంచి ఆమెను రమ్మన్నాడు. గుమ్మంలో నేనూ నిలబడ్డాను.

"ఏమైనా కనిపించిందా సార్?"

"కనిపించింది. నువ్వు."

అంతవరకూ ఆయన ఆమెను మీరు అనే అనేవాడు.

దీపం కింద పుట నీలంగా ఉంది. అచ్చు నల్లగా ఉంది. అంచుల్లో అక్షరం లేదు, గీత లేదు. కింది మూలన, కుడిచేతి వైపు, ఒక బొటనవేలి ముద్ర పాలరంగులో వెలుగుతోంది. గీతలన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి, మధ్యలో చిన్న గాటుతో సహా. ఆయన పుట తిప్పాడు. అక్కడే మళ్ళీ వేలు. ఇంకో పుట. మళ్ళీ వేలు. తడి కాగితాన్ని సరేసులోంచి తీసి తాడు మీద వేసేటప్పుడు పట్టుకునే చోటు. సరేసు వేలి కింద గడ్డకట్టి అక్కడే ఉండిపోయింది. మామూలు వెలుతురులో కనబడదు.

రెనిల్డా తన బొటనవేలు ఎత్తి చూసుకుంది. చిన్నప్పుడు కోసుకున్న గాటు ఉంది.

వేలు దించి, మనిషి చేతి జాడ ఒక్కటి దొరికితే పిలవనన్నారు కదా సార్, అంది. గొంతులో వాదన లేదు. గుర్తుచేసింది అంతే.

"ఎవరి జాడ అని పిల్లలు అడుగుతారు కదా," అన్నాడు ఆయన. "నువ్వు ఉండాలి."

ఆమె ఇంకా పుటవైపే చూస్తోంది. "గోరువెచ్చటి నీళ్ళలో వేస్తే పోతుంది సార్," అంది. "సరేసే కదా. ఇవ్వండి, తీసేస్తాను."

ఆయన పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు.

కేటలాగులో ఆ పుస్తకం వివరం నేనే రాశాను, ఆయన చెప్పినట్టు. అంచులు ఖాళీ, కడిగినందువల్ల. ప్రతి పుట కింది మూలన ఒకే వ్యక్తి వేలిముద్ర. చదివినవారి గుర్తులు అన్న శీర్షిక కింద రాయించాడు.

ఆ తరవాత ఆమె విశ్రాంతికి వెళ్ళేదాకా ప్రతి శరదృతువులోనూ తరగతి నేలమాళిగలోనే జరిగింది. గది చిన్నది, పిల్లలు గోడలకు ఆనుకుని నిలబడేవాళ్ళు. లీవెన్ దీపం వేసేవాడు. అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చేవాళ్ళు. ఆమె ఇక ఏమీ చెప్పనక్కర్లేదు. ఎవరో ఒకరు ఇది ఎవరిదని అడిగేవాళ్ళు. ఆయన ఆమెవైపు తల తిప్పేవాడు. ఆమె ముందుకు వచ్చి, ఏప్రనుకు చెయ్యి తుడుచుకుని, బొటనవేలు ఆ ముద్ర పక్కన పెట్టేది. ఇంకా దగ్గరగా అనేవాళ్ళు వెనకవాళ్ళు. దాని మీదే పెట్టేది.

సరిగ్గా సరిపోయేది.